గొర్రె అంటే ఖరూఫ్

ఆ పిల్ల మూతి మీద నేను కొట్టిన మొదటి దెబ్బకే కింది పెదవి చిట్లింది. అప్పటికే కదులుతున్న పాలపన్ను ఒకటి ఊడి నా ఒళ్ళో పడింది. కారులో ఉన్నాము. మా ముందు కొన్ని కార్లు, వాటి ముందు ఇరాకీ సైనికుల చెక్‌పోస్టు. పిల్ల ఏడవబోయి, నా ముఖం చూసి ఏడుపు మింగేసింది. ఆరేళ్ళు కూడా నిండలేదు. నా కడుపున పుట్టిన పిల్ల కాదు, నేను పనిచేసే కువైటీ వాళ్ళ బిడ్డ. అది చేసిన నేరమల్లా ఒక్కటే, తన భాషలో "అమ్మ ఏది?" అని అడిగింది.

నన్ను తప్పుబట్టేవాళ్ళు ఆ కారులో కూర్చుని చూడాల్సింది. అయినా ఎందుకు కొట్టానో తెలియాలంటే ముందు గొర్రెల పుస్తకం గురించి చెప్పాలి.

మాది రాయచోటి పక్క పల్లె. గొర్రెల మీద బతికిన ఇల్లు. మా జేజి ఉన్ని వడికి ఇస్తే మా తాత కంబళ్ళు నేసేవాడు. కరువులో మంద అమ్ముడుపోయాక నేను ఇంటిపనికి కువైట్ వచ్చాను. ఇంటామెను అందరిలాగే మామా అనేదాన్ని, ఇంటాయనను బాబా అనేదాన్ని. మనకు మామ అంటే మీసాలుండాలి కదా. ఆ సన్నటి మనిషిని మామా అని పిలవాలంటే మొదట్లో నవ్వు ఆగేది కాదు. ఆమె బడిలో టీచరు, ఆయన పోలీసు ఆఫీసరు. నేను చేరిన కొన్నాళ్ళకే పాప పుట్టింది. మామా బడికి పోతే పాప నా చంకలో పెరిగింది. మాటలొచ్చే వయసుకు రెండు భాషలూ ఒకేసారి వచ్చాయి. వాళ్ళతో అరబ్బీ, నాతో తెలుగు, అది కూడా మా రాయచోటి తెలుగు. "యాడికి పోతాండావు?" అని నన్ను అడిగి, గిరుక్కున తిరిగి అదే మాట వాళ్ళమ్మకు అరబ్బీలో చెప్పేది.

వాళ్ళమ్మను యుమ్మా అనేది. కువైటీ పిల్లలు తల్లిని అట్లాగే పిలుస్తారు, తల్లులు కూడా ముద్దొస్తే పిల్లల్ని తిరిగి యుమ్మా అనే అంటారు. నన్నేమో అమ్మా అనేది. అక్కా అనమని ఎంత చెప్పినా వినలేదు. మామాకు కోపమొస్తుందేమోనని భయపడ్డాను. ఆమె నవ్వేసి, "యు ఒక్కటే కదా తేడా, పోనీలే" అంది.

బాబా చిన్నతనంలో అమెరికాలో చదువుకున్నాడు. అక్కడి స్నేహితుడెవరో పాప కోసం ఒక బొమ్మల పుస్తకం పంపాడు. నవాహోలనే అక్కడి ఆదివాసీ జనం తమ పిల్లల కోసం రెండు భాషల్లో వేసుకున్న పుస్తకం. పేజీలో పైన వాళ్ళ భాష, కింద ఇంగ్లీషు. ఏడో తరగతి చదివినదాన్ని కనుక ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టగలను. పైవి కూడా ఆ అక్షరాలే, కానీ నెత్తిన గీతలు, కాళ్ళ కింద తోకలు. చదవడం నావల్ల కాలేదు. బొమ్మలు చూశాక చదవాల్సిన పని కూడా లేకపోయింది. ఎర్ర కొండలు, ముళ్ళ కంప, గొర్రెల మంద, మట్టితో గుండ్రంగా కట్టిన ఇల్లు, ఇంటి ముందు మగ్గం దగ్గర కూర్చున్న ఒక ముసలావిడ, పక్కన మనవరాలు. ముసలావిడ మెడలో నీలిరాళ్ళ దండ తీసేస్తే అచ్చం మా జేజి. కదురు పట్టుకున్న తీరు కూడా అదే.

ఇంకేముంది, మా ఇంటి కథంతా ఆ పుస్తకంలోకి ఎక్కించాను. ఆ అవ్వ మా జేజి అయింది, మనవరాలు నేనయ్యాను. ఒక పేజీలో నేలంతా తెల్లగా ఉండి, దాని మధ్య ఒక గొర్రెపిల్ల ఒంటరిగా నిలబడి ఉంటుంది. "ఇది సౌడు నేల, ఉప్పు తేలి తెల్లబడింది. గొర్రెపిల్ల దోవ తప్పి సౌట్లో దిగబడింది" అని చెప్పాను. బాబా విని పడీపడీ నవ్వాడు. అది మంచు అట. నేను మంచు ఎక్కడ చూశాను? పాప మాత్రం తండ్రి మాట నమ్మలేదు. మంచు కాదు, సౌడే అని పట్టుబట్టింది.

మాకు ఆ పుస్తకంతో ఒక ఆట ఉండేది. బొమ్మ మీద వేలు పెట్టి నేను తెలుగు మాట చెప్పాలి, పాప వెంటనే అరబ్బీ మాట చెప్పాలి. గొర్రె అంటే ఖరూఫ్. నీళ్ళంటే మాయ్. అవ్వ అంటే యద్దా. ఆడి ఆడి చివరికి నాతో పని లేకుండా పాపే రెండూ కలిపి అనేసేది, "గొర్రె, ఖరూఫ్! నీళ్ళు, మాయ్!" ఒక మాట అంటే రెండో మాట దానంతట అదే వచ్చి పడేది.

ఒక సాయంత్రం బాబా ఆ జనం సంగతి చెప్పాడు. ఒకప్పుడు వాళ్ళ పిల్లల్ని ఇళ్ళ నుంచి లాక్కుపోయి దూరంగా బడుల్లో పెట్టారట. తల్లిభాషలో మాట్లాడితే కొట్టేవాళ్ళట, నోట్లో సబ్బు కుక్కేవాళ్ళట. చాలామంది పిల్లలు మాట మరిచిపోయి ఇల్లు చేరారట. అందుకే ఇప్పుడు వాళ్ళు పట్టుబట్టి రెండు భాషల్లో కథలు వేసుకుంటున్నారని చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "బిడ్డను మాటకు కొడతారా? ఆ చేతులు ఇరిగి పడిపోను!" అని తెలుగులోనే తిట్టాను. బాబాకు అర్థం కాలేదు, పాప అరబ్బీలో చెప్పింది. ఆ శాపనార్థం నా చేతికే చుట్టుకుంటుందని అప్పుడు నాకు తెలియదు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. తెల్లవారగానే హెలికాప్టర్లు ఇళ్ళ మీద తక్కువ ఎత్తులో తిరిగాయి. ఎదురు వీధిలో గుండు పడి ఒక మేడ ముందుభాగం కూలింది. తర్వాత ట్యాంకులు వచ్చాయి. సైనికులు ఇళ్ళలో దూరి ఏసీలు, ఫ్రిజ్‌లు, చివరికి తలుపుల పిడులు కూడా ఊడదీసుకుపోయారు. రొట్టెల కోసం వరుసలో నిలబడ్డ ఒకాయన ఎదురు చెప్పాడని నా కళ్ళ ముందే తుపాకీ మడమతో ముఖం పచ్చడి చేశారు. ఆయన పళ్ళు రోడ్డు మీద పడి ఉంటే మేమందరం తల వంచుకుని రొట్టెలు తీసుకున్నాము. ఆకలికి సిగ్గు లేదు.

బాబా యూనిఫాం తగలబెట్టి ఇల్లు విడిచిపోయాడు. ఏ ఇంట్లో ఉంటున్నాడో, ఏం చేస్తున్నాడో మాకు చెప్పలేదు. సైనికుల మీద కాల్పులు జరుగుతున్నాయని మాత్రం అందరికీ తెలుసు. ఒక మధ్యాహ్నం ఆయన్ను చేతులు కట్టేసి మా గేటు ముందుకే తెచ్చారు. అప్పట్లో అదే వాళ్ళ పద్ధతి, పట్టుబడినవాణ్ణి సొంత ఇంటి ముందుకు తెచ్చి ఇంటివాళ్ళను బయటికి పిలవడం. మామా గేటు తీసింది. నేను వెనక నిలబడి పాప ముఖాన్ని నా కడుపుకేసి అదిమి, చెవులు మూశాను. బాబా భార్యవైపు చూసి ఏదో చెప్పబోయాడు. తల వెనక తుపాకీ పెట్టి కాల్చేశారు. రక్తం గేటు మీద, మామా పాదాల మీద చిమ్మింది. ఆమె అరవలేదు. అరిచిందల్లా నేనే, నా నోరు నా చేతిలో లేదు.

పొద్దుగూకే దాకా శవాన్ని ముట్టుకోవద్దన్నారు. ఒక సైనికుణ్ణి కాపలా పెట్టారు. మామా తన నల్లటి అబాయా విప్పి మొగుడి మీద కప్పితే వాడు తుపాకీ గొట్టంతో దాన్ని పక్కకు తోసేశాడు. ఈగలు ముసిరాయి. వెళ్ళేముందు వాళ్ళ ఆఫీసరు ఒక మాట చెప్పాడు. మామా తమ్ముడు కూడా ఆ కాల్పుల ముఠాలో ఉన్నాడట. ఎక్కడున్నాడో రేపటికల్లా చెప్పాలి, చెప్పకపోతే నీ కళ్ళ ముందు నీ కూతుర్ని అడుగుతాం అన్నాడు. ఎలా అడుగుతారో వేరే చెప్పక్కర్లేదు.

మరునాడు పొద్దున్నే మామా పాపను కూర్చోబెట్టి తలకు కొబ్బరినూనె రాసింది, నా నూనె డబ్బా నుంచి. రెండు జడలు వేసింది. మా అన్న కూతురికి పంపుదామని నేను కొనిపెట్టిన గౌను తొడిగింది. చివరికి కాటుక వేలికి తీసి కూతురి నుదుటి మీద తన చేత్తోనే బొట్టు పెట్టింది. నమాజు చేసే మనిషి, ఏనాడూ బొట్టు పెట్టి ఎరగదు. కొంచెం పక్కకు పోతే తుడిచి మళ్ళీ సరిగ్గా పెట్టింది. పాప చామనచాయ మనిషి, నా బిడ్డంటే ఎవరైనా నమ్ముతారు.

"ఇవాళ్టి నుంచి నీ కూతురు. దాని నోట్లో అరబ్బీ ఉండకూడదు. ఎట్లా చేస్తావో చెయ్యి. ఎట్లా చేశావో నాకు చెప్పొద్దు" అంది. నువ్వు కూడా రా అని కాళ్ళు పట్టుకున్నాను. తన ముఖం వాళ్ళకు తెలుసునని, తను లేకపోతే గంటలో వెతుకులాట మొదలై పాప కూడా దొరికిపోతుందని చెప్పింది. పాప గొర్రెల పుస్తకం చంకలో పెట్టుకుంది. లాగితే గుక్కపెట్టింది. సరే, అరబ్బీ లేని పుస్తకం కదా అని వదిలేశాము.

గేటు దగ్గర కాపలావాడు మారాడు, కొత్తవాడికి ఇంట్లో ఎవరెవరున్నారో తెలియదు. నా బిడ్డ, మా వాళ్ళ దగ్గరికి పోతున్నాను అన్నాను. నా చేతి గడియారం లాక్కుని పొమ్మన్నాడు. మలుపులో, పొద్దున్నే ఫోన్ చేసి పిలిచిన మా రాయచోటి భాయ్ ఒకాయన కారుతో కాచుకుని ఉన్నాడు. ఖైతాన్‌లో మా వాళ్ళుండే గదికి చేర్చాలి.

చెక్‌పోస్టు దూరాన కనబడగానే ఆయన కారు నెమ్మది చేసి నావైపు తిరిగాడు. "అక్కా, పాప నోట్లోనుంచి ఒక్క అరబ్బీ మాట వచ్చిందంటే ముగ్గురం ఖలాస్. ముందే సెప్తాండా."

నేను పాపకు చెప్పాను. ఆట అన్నాను, ఇప్పుడు తెలుగు ఒక్కటే అన్నాను. తల ఊపింది. అంతలో మా ముందు కారులో నుంచి ఒక కువైటీ కుర్రవాణ్ణి జుట్టు పట్టి ఈడ్చారు. మోకాళ్ళ మీద నిలబెట్టి కడుపులో తన్నారు, వాడు పడిపోతే తల మీద బూటు పెట్టి తొక్కారు. పాప అది చూసింది. చూసి, బెదిరిపోయి, గొంతెత్తి "యుమ్మా వేన్?" అంది. అమ్మ ఏది అని. అద్దం కిందికి దించి ఉంది, సైనికుడొకడు ఇటే వస్తున్నాడు. అప్పుడే నా చేయి లేచింది.

వాడు వచ్చి తల లోపల పెట్టాడు. నెత్తురు కారుతున్న పాప మూతిని, నన్ను చూశాడు. ఎందుకు కొట్టావన్నాడు. అల్లరి చేస్తోందన్నాను. వాడు నవ్వి, వెనకవాడితో, "తల్లేరా, తల్లి కాకపోతే ఇంత కసిగా ఎవరు కొడతారు?" అన్నాడు. నా దెబ్బే నాకు సాక్ష్యం చెప్పింది. కానీ వాడి కన్ను పుస్తకం మీద పడింది. తిరగేశాడు. ఇదేం భాష అన్నాడు. హిందీ అన్నాను, వాడికి ఇంగ్లీషు అక్షరాలు కూడా తెలియవని నమ్మి. అయితే పిల్లను చదవమను అన్నాడు.

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ క్షణాన తెలిసింది. చదివిందంటే ఆట మొదలవుతుంది. గొర్రె అందంటే వెనకే ఖరూఫ్ వస్తుంది. పాప పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. నెత్తుటి చుక్క తెల్లటి పేజీ మీద పడింది. బొమ్మ మీద వేలు పెట్టింది.

"సౌడు నేల" అంది. "సౌట్లో దోవ తప్పి పోయింది గొర్రె..."

ఆగింది. నోరు తెరుచుకుంది. ఆ రెండో మాట నాలుక చివర ఉందని నాకు తెలుసు. నా చేయి నా ఒళ్ళోనే ఉంది, ఎత్తలేదు. పాప ఆ చేతివైపు చూసింది. చిట్లిన పెదవిని పళ్ళతో నొక్కిపట్టింది.

"గొర్రె పిల్ల" అంది. "వాళ్ళవ్వ ఎతుకుతాండాది."

సైనికుడు పుస్తకం మీద అరచేత్తో కొట్టి పొమ్మన్నాడు. కారు కదిలాక భాయ్ ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఊడిన పాలపన్నును కొంగున ముడి వేసుకున్నాను.

ఖైతాన్ గదిలో మా వైపు ఆడవాళ్ళం కిక్కిరిసి ఉండేవాళ్ళం. అందరూ ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళే. గదికి పెద్దదిక్కుగా ఉన్నామె మొదటిరోజే నిలదీసింది.

"పొయ్యే కంపను తెచ్చి తగిలించుకుంటివి గదమే! వాళ్ళకు తెలిస్తే మనల్నందర్నీ గోడకు నిలబెట్టి కాలుస్తారు. ఈ బిడ్డ కోసం మనమంతా సచ్చేదా?"

"సచ్చేది ఉంటే ముందు నేను సస్తా. దీన్ని బయటికి పంపాలని ఎవురన్నా నోరెత్తితే మాత్రం నాకంటే ముందు వాళ్ళు సస్తారు" అని కూరగాయల కత్తి చేతిలోకి తీసుకున్నాను. అన్నంత పని చేసేదాన్ని. ఆమెకూ ఆ సంగతి అర్థమై, ఆ పూట తన గంజిలో సగం పాపకు పోసింది.

అక్కడి నుంచి నా చేతికి అదే పని. ఆటలో ఒక అరబ్బీ మాట, ఒక దెబ్బ. నిద్రలో కలవరిస్తే లేపి ఒక దెబ్బ. స్నానం చేయించేటప్పుడు చల్లనీళ్ళు పడి "మాయ్ బారిద్" అంది, తడి మూతి మీద కొట్టాను. కొట్టిన చేత్తోనే అన్నం కలిపి పెట్టేదాన్ని, తినేది. గొర్రెల పుస్తకం తెరిచి నేను గొర్రె అంటే, నోరు తెరిచి మూసుకునేది. నీళ్ళు అంటే, తెరిచి మూసుకునేది. కొన్నాళ్ళకు తెరవడం కూడా మానేసింది. ఎర్రకొండల పిల్లలు గుర్తొచ్చేవాళ్ళు. ఆ బడి పంతుళ్ళ చేతికీ నా చేతికీ తేడా ఏమిటని రాత్రీ పగలూ నాతో నేనే కొట్లాడేదాన్ని. నేను దాన్ని బతికించడానికి కొడుతున్నాను, అదీ తేడా. దెబ్బ తిన్న మూతికి ఆ తేడా తెలుస్తుందా?

చలికాలంలో సైనికులు మా బిల్డింగుకు వచ్చారు. ఇండియా వాళ్ళ గదుల్లో కువైటీలు దాక్కున్నారని ఎవరో చెప్పారట. తలుపు తన్ని లోపలికి వచ్చి, పెద్దామెను గోడకేసి విసిరికొట్టి, బియ్యం నేల మీద కుమ్మరించారు. వాళ్ళలో ఒకడు తెలివైనవాడు. పాప ముందు గొంతుక్కూర్చుని, నవ్వుతూ, మెత్తగా అరబ్బీలో అడిగాడు. "మీ యుమ్మా కింద నిలబడి ఉంది తల్లీ. నిన్ను తీసుకురమ్మంది. పోదామా?"

పాప రెప్ప కూడా కొట్టలేదు. వాడి ముఖంలోకి చూసి, నావైపు తిరిగి, "ఏమంటాండాడమ్మా?" అంది.

వాడు లేచి నా చెంప మీద ఒకటి కొట్టి వెళ్ళిపోయాడు. గదిలో అందరూ పాపను ఎత్తుకుని ముద్దులు పెట్టుకున్నారు. నేను నేల మీద పడ్డ బియ్యం ఎత్తుతూ కూర్చున్నాను. పాప నటించిందో, నిజంగానే మరిచిపోయిందో నాకు తెలియలేదు. అడిగే ధైర్యం లేదు.

తర్వాత విమానాలు వచ్చి బాంబులు వేశాయి, ఇరాకీలు పోతూ పోతూ నూనె బావులు తగలబెట్టారు. పట్టపగలే చీకటి, ఆరేసిన బట్టల మీద మసి. సైన్యం పోయింది, జనం వీధుల్లోకి వచ్చి గాలిలోకి తుపాకులు కాల్చి పండగ చేసుకున్నారు. ఆ శబ్దానికి పాప మంచం కిందికి దూరి బయటికి రాలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం భాయ్ ఒకామెను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను గుర్తుపట్టలేదు. తల నెరిసింది. ఒక చేతికి గోళ్ళు లేవు. తమ్ముడి జాడ చెప్పనందుకు ఆ గోళ్ళు పీకారని తర్వాత తెలిసింది. ఆమె గుమ్మంలో నిలబడి గది మధ్యలో ఉన్న పిల్లను చూసి, కూలబడి, చేతులు చాపి, "యుమ్మా! యుమ్మా!" అని అరిచింది.

పాప మెల్లగా దగ్గరికి పోయింది. ముఖాన్ని పరీక్షగా చూసింది. గుర్తుపట్టింది, నేను చూశాను, గుర్తుపట్టింది. వెంటనే చేయి ఎత్తి తల్లి మూతి మీద ఫెడీమని కొట్టింది.

"అట్ల అనగూడదు" అంది తెలుగులో. "సంపుతారు."

మామా నావైపు చూసింది. పాప ఏమందని అడిగింది. చెప్పాను. ఎవరు నేర్పారని అడిగింది. నేనే అన్నాను. చేత్తోనా అంది. చేత్తోనే అన్నాను.

లేచి వచ్చి నన్ను కొట్టింది. గోళ్ళు లేని ఆ చేత్తోనే, మూతి మీద, మళ్ళీ, మళ్ళీ. నేను అడ్డం పెట్టుకోలేదు. మామా కొట్టాల్సింది నన్ను కాదని ఇద్దరికీ తెలుసు, కొట్టడానికి వాళ్ళెవరూ అక్కడ లేరు. నా పెదవి చిట్లింది. భాయ్ ఆమెను పట్టుకోబోయాడు.

అప్పుడు మా ఇద్దరి మధ్యకు పాప దూసుకొచ్చింది. నా నడుం కరుచుకుని, తల్లివైపు తిరిగి, గొంతు చించుకుని అరిచింది.

"లా తిగ్గీన్హా! యుమ్మా, లా తిగ్గీన్హా!"

కొట్టొద్దు. యుమ్మా, దాన్ని కొట్టొద్దు.

మామా చేయి గాలిలో ఆగిపోయింది. పాప తన నోట్లోనుంచి వచ్చిన మాట తనే విని బెదిరిపోయింది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని, కళ్ళు చికిలించి, తల వంచి, నా దెబ్బ కోసం కాచుకుంది.

నేను నేల మీద కూర్చున్నాను. పుస్తకం అందుకుని, నెత్తుటి మరక ఎండిన ఆ తెల్లటి పేజీ తెరిచి, బొమ్మ మీద వేలు పెట్టాను. గొర్రె అన్నాను. పాప చేతులు తీయలేదు. నా చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని మళ్ళీ అన్నాను, గొర్రె.

వేళ్ళ సందులోనుంచి, వినీ వినపడకుండా, ఖరూఫ్ అంది.